మంచుకొండ మీద మంచినీళ్లు: సంచి కొనేవారికి సలహాలు

డాలస్ నుంచి రాత్రంతా కారు నడిపి కొలరాడో చేరి, బ్రెకెన్‌రిడ్జ్ కొండ మీద స్నోబోర్డుతో జారాలని ముచ్చటపడే తెలుగు కుర్రాళ్ల కోసమూ, తామింకా కుర్రాళ్లమేననుకునే వాళ్ల కోసమూ ఈ నాలుగు మాటలు. జాకెట్టు, ప్యాంటు స్నేహితుల దగ్గర అరువు దొరుకుతాయి. బోర్డు, బూట్లు అద్దెకిస్తారు. డబ్బు పెట్టి కొనాల్సింది వీపున తగిలించుకునే నీళ్ల సంచి. లోపల ప్లాస్టిక్ తిత్తి, దాన్నుంచి భుజం మీదుగా నోటిదాకా గొట్టం. హైడ్రేషన్ బ్యాక్‌ప్యాక్ అని అమ్ముతారు.

అసలు కొనకపోవడం ఉత్తమం. చలిలో దాహం వేయదు, వేయని దాహానికి ఖర్చెందుకు? చలికి ఒళ్లు దాహాన్ని సరిగా పసిగట్టలేదనీ, పొడిగాలిలో విడిచే ప్రతి ఊపిరితోనూ నీరు పోతుందనీ, ఎత్తుకు పోయేకొద్దీ ఊపిరి ఇంకా వేగంగా ఆడుతుందనీ డాక్టర్లు అంటారు. అననివ్వండి. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 2,926 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ఇంపీరియల్ ఎక్స్‌ప్రెస్ చెయిర్‌లిఫ్ట్ 3,914 మీటర్ల దాకా తీసుకుపోతుంది. వెయ్యి మీటర్లయినా లేని తిరుమల కొండను కాలినడకన ఎక్కినవాళ్లం, లంబసింగి చలి చూసినవాళ్లం, మనకిదొక లెక్కా! మధ్యాహ్నానికి తల పగిలిపోతుంటే ఎత్తు పడలేదని చెప్పి లాడ్జిలో హాట్ చాక్లెట్ ముందు కూర్చోవచ్చు. గౌరవం నిలబడుతుంది. పైగా నీళ్లు తాగితే బాత్రూముకెళ్లాలి, వెళ్తే మూడు పొరల బట్టలు విప్పాలి. తాగకపోయినా చలికి కిడ్నీలు మామూలుకన్నా ఎక్కువే పనిచేస్తాయి కాబట్టి విప్పడం ఎలాగూ తప్పదు. కానీ ఆ నింద నీళ్ల మీద పడదు.

మరీ నాలుక పిడచగట్టుకుపోతే చుట్టూ ఉన్నది మంచేగా, అదీ ఉచితంగా! గుప్పెడు తీసి నోట్లో వేసుకోండి. ద్రవీభవన గుప్తోష్ణం గ్రాముకు 80 కెలోరీలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. గ్రాము మంచును కరిగించే వేడితో గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ వేడంతా మీ ఒంట్లోంచే పోవాలి, పొద్దున తిన్న ఉప్మా ఉన్నది అందుకే. పరీక్ష అయ్యాక కూడా పాఠం గుర్తుపెట్టుకోవాలని మన మాస్టర్లెవరూ చెప్పలేదు.

ఇంట్లోవాళ్ల పోరు పడలేక కొనాల్సే వస్తే, సైకిలువాళ్ల సంచి కొనండి. ఈ వస్తువు పుట్టిందే సైకిలు మీద, అదీ టెక్సస్ ఎండలో. విచిటా ఫాల్స్‌లో మండుటెండలో వంద మైళ్ల సైకిలు పందెం జరుగుతుంది, పేరే హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్. అందులో మైకేల్ ఐడ్సన్ అనే అంబులెన్సు ఉద్యోగి సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని మేజోడులో దూర్చి, వీపుకు తగిలించుకుని తొక్కాడు. గొట్టం కారకుండా బట్టల క్లిప్పు పెట్టాడు. 1989లో వచ్చిన క్యామెల్‌బ్యాక్ కంపెనీకి మూలం అదే. నీరసమంటే చాలు సెలైన్ ఎక్కించమని డాక్టరును బతిమాలే మనవాళ్లకు ఈ ఊహ రాకపోవడం విచారకరం.

ఎండలో పనిచేసింది మంచులో ఎందుకు పనిచేయదు? వేసవి సరుకును నవంబరులో సగం ధరకిస్తారు, ఇంతకన్నా కారణం అక్కర్లేదు. సైకిలు సంచికి గాలాడేందుకు వీపువైపు వల గుడ్డ ఉంటుంది. బోర్డు కొత్తగా నేర్చుకునేవాడు జారే సమయం కన్నా మంచులో కూలబడి ఉండే సమయమే ఎక్కువ కాబట్టి, ఆ వలలో మంచు కూరుకుని, కరిగి, జాకెట్టు వీపంతా తడుపుతుంది. గొట్టం బయటికి వేలాడుతుంది. మంచు కోసం కుట్టిన సంచుల్లోనైతే గొట్టానికి మందపాటి తొడుగు వేస్తారు, భుజపట్టీ లోపలికి దూర్చి జిప్పు పెడతారు. జిప్పుకో ధర, తొడుగుకో ధర, చేతి తొడుగులు తీయకుండానే పెట్టుకోగలిగే పెద్ద బకిల్‌కింకో ధర. అవేవీ వద్దు. తిత్తిలోని రెండు లీటర్లు వీపు వేడికి అంత త్వరగా గడ్డకట్టవు. ముందు బిగుసుకునేది గొట్టంలోని రెండు గుటకలూ, దాని కొసన కొరికి తాగే మూతీ. అంటే నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, మీకు మాత్రం అందవు. రెండు కిలోల బరువు సాయంత్రం దాకా ఒక్క చుక్క తగ్గకుండా కావడి మోసినట్టు మోసుకొస్తారు.

చెయిర్‌లిఫ్టులో పక్కన కూర్చున్న పెద్దాయన ఒక కిటుకు చెబుతాడు. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది, మిగిలిన నీటిని తిత్తిలోకి వెనక్కి తోసేస్తే గొట్టంలో గడ్డకట్టడానికేమీ ఉండదట. ఆలకించకండి. నోట్లో పెట్టుకున్న గొట్టంలోంచి ఊది, ఆ ఎంగిలిని మొత్తం నీళ్లలో కలపమంటున్నాడు! మన అమ్మమ్మలు గ్లాసెత్తి పోసుకుని తాగడం నేర్పింది ఇందుకా? గొట్టం గడ్డకడితే కట్టింది, ఆచారం దక్కింది.

పొద్దున గోరువెచ్చని నీళ్లు నింపుకోమని కూడా అంటారు. ఉత్త నీళ్లకోసమా ఇంతదూరం వచ్చాం? మిరియాల చారు పోయండి, సలసల కాగుతున్నదే పోయండి. తిత్తి అతుకులు వదిలితే వీపు ఓ పది నిమిషాలు కాలుతుంది, తర్వాత ఆ చారే చల్లబడి అరువు జాకెట్టుతో సహా బిగుసుకుంటుంది. వదలకపోతే మొదటి గుక్కకే గొట్టానికి కరివేపాకు అడ్డం పడుతుంది. ఏదైనా ఆ తిత్తిలో ఇక ఎప్పుడు నీళ్లు పోసినా తాలింపు వాసన ఖాయం. ఇంటి బెంగ ఉండదు.

సైజు సంగతి. ఒకరోజు జారడానికి పది, పదిహేను లీటర్ల సంచి చాలంటారు గానీ, మన ఇళ్లల్లో చిన్నది కొని సుఖపడ్డవాళ్లు లేరు. నలభై లీటర్లది తీసుకోండి. స్టీలు డబ్బాలో పులిహోర సరిగ్గా వెన్నెముకకు ఆనేలా పెట్టండి. కొత్తవాళ్లు మడమల అంచు మీద వెనక్కి పడటం ఎక్కువ, కాబట్టి డబ్బా మూత ఎంత గట్టిదో మీ వెన్ను రోజుకు చాలాసార్లు చెబుతుంది. ఛాతీ పట్టీ, నడుం పట్టీ పెట్టకండి. మీరు ఎడమకు తిరిగితే సంచి కుడికి తిరగాలి, దాని స్వేచ్ఛ దానిది. లిఫ్టు ఎక్కేముందు సంచి తీసి ఒళ్లో పెట్టుకోమని అక్కడి సిబ్బంది అరుస్తారు. వేలాడే పట్టీ కుర్చీకి చిక్కుకుంటే దిగేచోట మనిషి దిగలేడని వాళ్ల భయం. మీరు చిక్కుకుంటే లిఫ్టు ఆపుతారు, తీగ పొడవునా కూర్చున్నవాళ్లంతా మిమ్మల్నే చూస్తారు. ఫొటోలకింత వెలుగు మళ్లీ దొరకదు.

హద్దు తాడు దాటి, ఎవరూ తొక్కని మంచులోకి పోదామనే మొనగాళ్లూ ఉంటారు. వాళ్లు హిమపాతానికి సిద్ధపడాలి: ఒంటికి కట్టుకునే, సంకేతం పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, తవ్వడానికి పార. పార, కడ్డీ సంచిలోనే ఉండాలి, చేయి పెట్టగానే అందాలి. కాబట్టి వాటిని పులిహోర కింద పెట్టండి. బీకన్ గుండెల దగ్గర ఇబ్బందిగా ఉంటే అదీ సంచిలోనే పడేయండి. మంచు విరుచుకుపడ్డప్పుడు సంచి భుజాల్నుంచి ఊడి ఒకచోటికీ, మీరొకచోటికీ పోవచ్చు. కూరుకుపోయినవాణ్ణి మొదటి పావుగంటలో తవ్వి తీస్తేనే బతికే ఆశ ఎక్కువ. ఆ పావుగంటలో వచ్చినవాళ్లకు సంకేతం గట్టిగా అందుతుంది, తవ్వుతారు, సంచి క్షేమంగా బయటపడుతుంది.

ప్రయాణం అయ్యాక తిత్తిని కడిగి, తలకిందులుగా ఆరబెట్టి, ఫ్రీజరులో దాచుకునేవాళ్లున్నారు, బూజు పట్టదని. మీ ఫ్రీజరులో గోంగూరకూ, ఇండియా నుంచి తెచ్చిన పచ్చి కొబ్బరి కోరుకూ చోటు చాలదు. తడిగానే చుట్టి గ్యారేజీలో పడేయండి. ఏడాది తర్వాత లోపల నల్లటి చుక్కలు కనబడితే కంగారొద్దు. వాట్సాప్ గ్రూపులో ‘ఒక్కసారే వాడినది, కొత్తదానితో సమానం’ అని అమ్మకానికి పెట్టండి, ఫొటో మాత్రం జిప్పు మూసి తీయండి.