వైరి నిలిచియుండు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కొలచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత ఆ రెంటిలో ఒక్కటీ ఇవ్వలేడు. మూలం చూస్తే నాలుగే పాదాలు, తగాదా చూస్తే నలభై ఏళ్ళది. రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో కొట్లాట వంతులవారీగా సాగాలా, గడియారంతో పాటు పరుగెత్తాలా అన్నదే ఆ తగాదా. మొదటి పద్ధతిని టర్న్ బేస్డ్ అనీ, రెండోదాన్ని రియల్ టైమ్ అనీ అంటారు. మొదటివారి దృష్టిలో రెండోవారు బటన్లు అరగదీసే రకం. రెండోవారి దృష్టిలో మొదటివారు మెనూ చదువుకుంటూ నిద్రపోయే రకం.

పద్యకర్త, వ్యాఖ్యాత ఒక్కరే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం పాత ఆచారమే. అందులో ఉన్న సౌకర్యం ఏమిటంటే, కవి హృదయం ఇది కాదని ఎవరూ ఎదురు చెప్పలేరు.

మూలం

వంతు వచ్చు దాక వైరి నిలిచియుండుఁ
గాల మాగకున్నఁ గత్తి యాడు
నలుగురున్న నొకటి, నరుఁ డొక్కఁడున్నచో
వేఱె యొకటి, దీని వివర మెఱుఁగు

ప్రతిపదార్థం

వంతు వచ్చు దాక = తన వంతు వచ్చేవరకు (ఆడేవాడు బటన్ నొక్కనంతకాలం అది రాదు); వైరి = శత్రువు, ఇక్కడ 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్‌లో కోట దాటగానే ఎదురుపడే స్లైమ్ అనే నీలిముద్ద (అకీరా తోరియామా గీసినది, నీటిబొట్టు ఆకారం, చెవుల దాకా సాగే నవ్వు, చెవులు మాత్రం లేవు); నిలిచియుండున్ = మెదలక నిలబడి ఉంటాడు; కాలము = గడియారంలోని కాలం; ఆగకున్నన్ = నిలవకపోతే; కత్తి = ఆయుధం; ఆడు = తిరుగుతుంది (ఎవరి కత్తో కవి చెప్పలేదు; అనుభవజ్ఞులు శత్రువుదే అంటారు); నలుగురు ఉన్నన్ = ఆడేవాడి కింద నలుగురు యోధులుంటే; ఒకటి = ఒక పద్ధతి; నరుఁడు ఒక్కఁడు ఉన్నచో = ఉన్న మనిషి ఒక్కడే అయితే; వేఱె యొకటి = ఇంకొక పద్ధతి; దీని వివరము = ఈ సంగతి; ఎఱుఁగు = తెలుసుకో (తగాదాపడే ఇద్దరినీ కలిపి ఒకే ఏకవచనంలో గదిమాడు).

తాత్పర్యం

కొట్లాట ఎలా సాగాలన్నది ఆడేవాడి వయసును బట్టో, యంత్రం బలాన్ని బట్టో తేలేది కాదు. ఒక్క జత చేతుల కింద ఎన్ని శరీరాలున్నాయో లెక్కపెట్టు, జవాబు అక్కడే ఉంది.

మొదటి పాదం మీద విశేషం

శత్రువు నిలబడి ఉండటమేమిటి, అది పోరు ఎలా అవుతుందని ఆక్షేపించేవారు పౌరాణిక నాటకం చూసి ఉండరు. పాండవోద్యోగ విజయాలు ఆడే రాత్రి ఒకరు పద్యం ఎత్తుకుంటే, ఎదుటివాడు ఎంతటి వీరుడైనా గద భుజాన పెట్టుకుని నిలబడవలసిందే. పద్యం అయ్యాక రాగం, రాగం అయ్యాక హార్మోనియం, ఆపైన జనంలోంచి వన్స్ మోర్. అంతా అయ్యాకే ఎదుటివాడి పద్యం. ఆ నిలబడినవాడు భయపడ్డాడనిగానీ, నాటకం మందకొడిగా ఉందనిగానీ ఎవరూ అనుకోలేదు. వినవలసింది పద్యం కనుక కాలాన్ని పద్యానికి ఇచ్చారు. వంతుల ఆటలో చూడవలసింది ఎంపిక కనుక కాలాన్ని ఎంపికకు ఇస్తారు. పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్ళిరావచ్చు, స్లైమ్ నవ్వుతూనే ఉంటుంది. ఇది లోపమని ఇంతవరకు ఏ గృహస్థూ ఫిర్యాదు చేయలేదు.

పూర్వపక్షం: వంతులనేవి పేదరికం వల్ల పుట్టాయి. ఆనాటి యంత్రాలకు పరుగెత్తే సత్తువ లేదు, అందుకే బొమ్మల్ని నిలబెట్టి మెనూ చూపించారు. ఇప్పుడు సత్తువ వచ్చింది కనుక వంతులు పోవాలి.

సమాధానం: డ్రాగన్ క్వెస్ట్ వచ్చిన 1986లోనే, అదే ఫామికామ్ యంత్రం మీద, నింటెండో వారి లెజెండ్ ఆఫ్ జెల్డా వచ్చింది. అందులో కుర్రవాడు కత్తి పట్టుకుని తెరంతా పరుగెత్తాడు, ఎవడి వంతు కోసమూ ఆగలేదు. కనుక యంత్రం అడ్డు చెప్పలేదు. వంతులు వచ్చిన దారి వేరు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, కాగితం మీద లెక్కలు రాసుకుంటూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి 1981లో అమెరికాలో విజర్డ్రీ అనే కంప్యూటర్ ఆట పుట్టింది. దాన్నీ అల్టిమా అనే ఇంకో ఆటనూ ఆడి మోజుపడిన డ్రాగన్ క్వెస్ట్ కర్త యూజీ హోరీ, వాటి సారం తీసి, కీబోర్డు ఎరగని జపాన్ పిల్లలకు రెండు బటన్లలో ఇమిడ్చాడు. పోరు, మంత్రం, వస్తువు, పరుగు: నాలుగే ఆజ్ఞలు. నాలుగోది పెట్టడంలోనే ఆయన మనిషి స్వభావం ఎరిగినవాడని తెలుస్తుంది.

రెండో పాదం మీద విశేషం

కాలం ఆగకపోతే కత్తి ఆడుతుందన్నాడు. ఆగే కాలానికీ ఆగని కాలానికీ మధ్య గోడ ఉందని లోకం అనుకుంటుంది. ఆ గోడ ఎంత పలచనో డయాబ్లో అనే ఆట పుట్టుకలో కనిపిస్తుంది. డేవిడ్ బ్రెవిక్ దాన్ని వంతుల ఆటగానే మొదలుపెట్టాడు. ప్రచురించే బ్లిజార్డ్ వారు రియల్ టైమ్ చేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తన జట్టులోనే ఓటు పెడితే ఓడిపోయాడు. సరేనని ఒక మధ్యాహ్నం కూర్చున్నాడు, కొన్ని గంటల్లో పని అయిపోయింది. చేసిందల్లా ఏమిటంటే, ఆడేవాడి కోసం ఆగే వంతుల్ని సెకనుకు ఎన్నోసార్లు వాటంతటవే వచ్చిపోయేలా మార్చడం. మౌస్ నొక్కాడు, యోధుడు నడిచి వెళ్ళి అస్థిపంజరాన్ని ఒక్కటిచ్చాడు, అది కుప్పకూలింది. ఈ కథ ఆయనే తర్వాత ఒక సభలో చెప్పుకున్నాడు.

అయితే రియల్ టైమ్ కూడా ముక్కలుగా నరికిన వంతులేనని తేలింది కదా, ఇక భేదమెక్కడ అని తార్కికుడు అడుగుతాడు. ఎవరి కోసం ఎవరు ఆగుతారన్న చోట ఉంది. ఒకదానిలో యంత్రం మనిషి కోసం ఆగుతుంది, రెండోదానిలో ఆగదు. మిగతా భేదాలన్నీ దీని సంతానం.

ఈ రెంటి నడుమ త్రిశంకు స్వర్గం కట్టినవాడు హిరోయుకి ఇతో. 1991లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 4 కోసం ఆలోచిస్తూ ఫార్ములా వన్ పందెం చూస్తుండగా ఆయనకు తోచిందట: కార్లు ఒకదాని తర్వాత ఒకటి మర్యాదగా వెళ్ళవు, వేగమున్నది ముందుకొస్తుంది. అలాగే ప్రతి యోధుడికీ ఒక గడియారం పెట్టి, అది నిండినప్పుడు వాడి వంతు అన్నాడు. మరుసటి ఏడు ఫైనల్ ఫాంటసీ 5లో ఆ నిండడం ఒక పట్టీగా కంటికీ కనబడింది. దానికి యాక్టివ్ టైమ్ బ్యాటిల్ అని పేరు. ఇందులో మంత్రాల జాబితా వెతుక్కుంటుంటే రాక్షసుడు కొడతాడు. పాపం అనిపించిందేమో, జాబితా తెరిచినప్పుడు కాలాన్ని ఆపే వెయిట్ అనే సదుపాయమూ అందులోనే ఉంచారు. చాలామంది దాన్నే వాడుకుని, తాము యాక్టివ్‌గా ఆడుతున్నట్టు చెప్పుకున్నారని ఈ వ్యాఖ్యాతకు గట్టి అనుమానం.

మూడో పాదం మీద విశేషం

పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది కనుక వ్యాఖ్య కొంచెం పెరుగుతుంది, పాఠకులు మన్నించాలి.

మనిషికి చేతులు రెండు. ఆ రెండు చేతులూ ఒక శరీరాన్ని చక్కగా ఆడించగలవు. కొట్టడం, తప్పుకోవడం, మళ్ళీ కొట్టడం, ఇదంతా వేళ్ళకే తెలిసిపోతుంది, తలదాకా వెళ్ళనక్కర్లేదు. విచర్ 3లో గెరాల్ట్ ఒక్కడు. ఎల్డెన్ రింగ్‌లో మనమొక్కరం. ఫైనల్ ఫాంటసీ తన పదహారో ఆటలో, 2023లో, పూర్తిగా కత్తిసాముకు మారింది. దాని పోరు తీర్చిదిద్దడానికి డెవిల్ మే క్రై 5 మీద పనిచేసిన రియోటా సుజుకిని తెచ్చుకున్నారు. అయితే మారినప్పుడు ఇంకొకటి కూడా జరిగింది: ఆడేవాడి చేతికి క్లైవ్ అనే ఒక్క మనిషినే ఇచ్చారు. వెంట వచ్చేవాళ్ళు తమ పోరు తాము చూసుకుంటారు. డయాబ్లోలోనూ అంతే. నలుగురు కలిసి ఆడవచ్చు, కానీ ఆ నలుగురికీ నాలుగు జతల చేతులు వేరే ఉంటాయి.

ఇప్పుడు ఆ రెండు చేతులకే ఆరుగుర్ని అప్పగించండి. 1998లో బయోవేర్ వారి బాల్డర్స్ గేట్ ఆ పని చేసింది. కాలం ఆగదు, ఆరు సెకన్లకొక రౌండు లోపల లోపల తిరుగుతూ ఉంటుంది. మంత్రగత్తె వెనక నిలబడాలి, దొంగ చాటుగా పోవాలి, పూజారి దెబ్బలు మాన్పాలి. ఎవరికి చేతనవుతుంది? అందుకని స్పేస్ బార్ పెట్టారు. నొక్కితే లోకం ఆగుతుంది, ఆజ్ఞలిచ్చి మళ్ళీ నొక్కితే కదులుతుంది. శత్రువు కనబడగానే దానంతటదే ఆగేలా కూడా పెట్టుకోవచ్చు. పెద్ద యుద్ధంలో ఆడేవాడు కత్తికన్నా స్పేస్ బార్‌నే ఎక్కువసార్లు వాడతాడు. ఇది వంతుల ఆటే. వంతు ఎప్పుడో మనల్నే కనిపెట్టుకోమన్నారు, అంతే తేడా.

పాతికేళ్ళ తర్వాత 2023లో బాల్డర్స్ గేట్ 3 చేసిన బెల్జియం వారు, లేరియన్ స్టూడియోస్, ఆ దాగుడుమూతలు తీసేసి నలుగురికీ వరసగా వంతులు పంచారు. వంతులు పాతబడ్డాయన్నవారి నోళ్ళు మూతపడేలా ఆ ఏడు గేమ్ అవార్డ్స్‌లో అదే ఉత్తమమైన ఆటగా నిలిచింది. దీని దోషం కూడా దాచను. గోబ్లిన్ల శిబిరంలో ఇరవైమంది మీద పడితే, ఒక్కొక్క గోబ్లిన్ తీరిగ్గా ఆలోచించి, నడిచి, విల్లెత్తి, గురితప్పి, మళ్ళీ చోటు మారేదాకా చూస్తూ కూర్చోవాలి. పద్యం ఎత్తుకున్నవాడికి గొంతు లేకపోతే నాటకంలోనూ ఇదే బాధ.

ఇంకో సాక్ష్యం. యాకూజా ఆటల్లో కిర్యూ ఒక్కడు, వీధిలో పిడిగుద్దులతో ఎందరినైనా పడగొట్టేవాడు. 2020లో యాకూజా: లైక్ ఎ డ్రాగన్‌కు కొత్త నాయకుడు వచ్చాడు, పేరు కసుగా ఇచిబాన్, డ్రాగన్ క్వెస్ట్ అంటే ప్రాణం. వాడి వెంట స్నేహితులు వచ్చారు. స్నేహితులు రాగానే పోరు వంతులకు మారింది. అంతకుముందు ఏడు ఏప్రిల్ ఒకటిన వంతుల పోరు చూపిస్తూ ఆట చేసినవాళ్ళు ఒక వీడియో వదిలితే జనం ఏప్రిల్ ఫూల్ అనుకుని నవ్వారు. నవ్వినవాళ్ళే తర్వాత కొనుక్కున్నారు.

పూర్వపక్షం: ఫైనల్ ఫాంటసీ 12లో ముగ్గురుంటారు, కాలం ఆగనక్కర్లేకుండానే సాగిపోతుంది. సిద్ధాంతం చెడింది.

సమాధానం: చెడలేదు, బలపడింది. 2006 నాటి ఆ ఆటలో గాంబిట్ అనే ఏర్పాటు ఉంది. మనవాళ్ళలో ఎవడి ప్రాణం ముప్పై శాతం కిందికి దిగినా మందు వెయ్యి, ఎగిరే శత్రువు కనిపిస్తే నిప్పు వెయ్యి అని ముందే రాసిపెట్టాలి. అంటే రెండు చేతులు చాలవని ఒప్పుకుని కాగితం మీద ఇంకొన్ని చేతులు మొలిపించారు. ఆలోచించే వంతు పోరు మొదలవకముందే గడిచిపోయింది. 2020 నాటి ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్‌లో నాయకుడు క్లౌడ్ కత్తి ఆపకుండా తిప్పుతాడు. కానీ పక్కవాళ్ళకు ఆజ్ఞ ఇవ్వడానికి మెనూ తెరవగానే లోకం నత్తనడక పడుతుంది. రెండో మనిషి వచ్చిన చోటల్లా కాలం ఏదో ఒక విధంగా కాళ్ళు ఈడుస్తుంది.

పూర్వపక్షం: మరి మొట్టమొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో వీరుడు ఒంటరి కదా! శత్రువూ ఒక్కొక్కటే వస్తుంది. అక్కడ వంతులెందుకు?

సమాధానం: ఈ ప్రశ్న వేసినవాడికి నమస్కారం. విజర్డ్రీలో ఆరుగురు నడిచిన బాటను హోరీ తీసుకున్నాడు, తొలిసారి ఆడే పిల్లల కోసం మనుషుల్ని ఒకరికి తగ్గించాడు, బాటను అలాగే ఉంచాడు. 1987లో రెండో భాగంలో ముగ్గురు, 1988లో మూడో భాగంలో నలుగురు వచ్చి చేరారు. అంటే వంతులు ముందుగా వచ్చి జనం కోసం కూర్చున్నాయి. ఇది కొంచెం సాగదీసిన సమర్థన అనిపిస్తే అనిపించవచ్చు. వ్యాఖ్యాతలందరూ ఎక్కడో ఒకచోట ఇలా సాగదీసినవారే.

నాలుగో పాదానికి విశేషం లేదు. పాదం నింపడానికి వేసినది.

పాఠాంతరం

మొదటి పాదాన్ని కొందరు ఇలా చదువుతున్నారు:

వంతు వచ్చు దాక వైరి కొట్టుచునుండు

గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, కనుక తోసిపుచ్చలేం. ఈ పాఠానికి ఆధారం 2025లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే నుంచి వచ్చిన క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. వంతుల ఆటే. కానీ శత్రువు తన వంతులో కత్తి ఎత్తినప్పుడు మనం సరైన క్షణాన బటన్ నొక్కితే తప్పుకుంటాం, ఇంకా కచ్చితంగా నొక్కితే ఆ దెబ్బను తిప్పికొడతాం. నొక్కకపోతే మూడు దెబ్బల్లో ముగ్గురూ నేల మీద ఉంటారు. దెబ్బ పడే క్షణానికి నొక్కే పద్ధతి 1996లో సూపర్ మారియో ఆర్‌పీజీలో కూడా ఉంది, అక్కడ అది ఊరగాయలా పక్కన ఉండేది. ఇక్కడ అన్నమంతా అదే.

రెండు పాఠాలూ గ్రాహ్యాలే అని రాసి తప్పుకోవడం వ్యాఖ్యాతలకు అలవాటు. నేను తప్పుకోను. ఆ ఆటలోనూ శత్రువు కొట్టేటప్పుడు ఎదురయ్యేది ఒక్కొక్క దెబ్బ, దానికి వేళ్ళు చాలు. మన ముగ్గురిలో ఎవరు ఏ విద్య వాడాలో తేల్చుకోవలసిన ఘడియ వచ్చేసరికి, తెర మీద జాబితా తెరుచుకుంటుంది, శత్రువు ఎంత భయంకరుడైనా ఊపిరి మాత్రం పీలుస్తూ ఎదురుగా నిలబడతాడు. కాబట్టి మూలంలో ‘నిలిచియుండు’ అనే ఉంటుంది. ‘కొట్టుచునుండు’ను పుట అడుగున చిన్నక్షరాల్లో వేసుకోవచ్చు.