జవాబుదారు మామ

పులికాట్ ఒడ్డున ఏ కుప్పానికి పోయినా ఒక గుడి ఉంటుంది, ఒక టీకొట్టు ఉంటుంది, ఆరేసిన వలలుంటాయి, జవాబులు చెప్పే మనిషొకడు ఉంటాడు. సర్పంచి కాదు, కులపెద్ద కాదు, చదివింది అయిదో తరగతి. అయినా చంకలో కాగితాలు పెట్టుకుని ఎవరు ఆటో దిగినా ఊరంతా వేలు పెట్టి ఆయన ఇల్లే చూపిస్తుంది. తక్కినవాళ్ళకు వల పని ఉంటుంది గదా. ఊరి తరఫున ఒకడు కూర్చుని మాట్లాడితే మిగిలినవాళ్ళు నిమ్మళంగా బతకొచ్చు. ఇది ఏ పంచాయతీ తీర్మానంలోనూ లేని ఏర్పాటు.

నేనూ అట్లాగే ఒక డిసెంబరు పొద్దున సూళ్ళూరుపేటలో రైలు దిగి, ఆటో ఎక్కి ఆయన ముందు తేలాను. నా సంచిలో అరవై నాలుగు ప్రశ్నల ప్రశ్నావళి నూట ఇరవై ప్రతులు. అంశం: 'వర్ధమాన సమాజాలలో సామాజిక, రాజకీయ సవాళ్ళు: పులికాట్ తీర మత్స్యకారులపై ఒక అధ్యయనం'. శీర్షిక మధ్యలో రెండు చుక్కలు లేకపోతే పీహెచ్‌డీ రాదని అప్పట్లో మా నమ్మకం.

మామ నా వైపు చూళ్ళేదు, కాగితాల మందం చూశాడు.

"ఎన్ని?"

"అరవై నాలుగు, మామా."

"నడిమజ్జన టీ ఉంటాదా?"

ఉంటుందన్నాను. తుండుగుడ్డ దులిపి అరుగు మీద పరిచాడు. "సంతకం ముందా, ఆఖర్నా?" అన్నాడు. అంగీకార పత్రం అనేది ఒకటుంటుందని నాకంటే ముందు ఆయనకే గుర్తొచ్చింది.

శీర్షిక చదివి వినిపించాను. వర్ధమానం అంటే ఏందని అడిగాడు. పెరుగుతా ఉండేదని చెప్పాను. కాసేపు నీళ్ళ వైపు చూసి, "ఈడ పెరగతా ఉండేది ఇసకొకటే అబ్బయా" అన్నాడు.

అది హాస్యం కాదు, నా మూడో అధ్యాయం మొత్తం. సముద్రానికీ సరస్సుకూ మధ్య ఉండే ముఖద్వారాలు పూడుకుపోతున్నాయి. రాయదొరువు దగ్గర పూడిక తీయాలని ఆంధ్ర వైపు జాలర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. పోటు నీళ్ళు లోపలికి రాకపోతే రొయ్య రాదు, చేప రాదు, ఎండాకాలం ఉత్తరం వైపు నీళ్ళు ఇంకిపోయి ఉప్పు తేలుతుంది. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఇదంతా నేను ఎనభై పేజీల్లో రాశాను. మామ ఇసక అని ఊరుకున్నాడు.

వచ్చేవాళ్ళను ఆయన తెగలుగా విడగొట్టి పెట్టుకున్నాడు. పక్షులోళ్ళు, ఉప్పోళ్ళు, కులమోళ్ళు, ఓట్లోళ్ళు, పేదరికమోళ్ళు. పక్షులోళ్ళంటే కాస్త మర్యాద. వాళ్ళు దుర్భిణీ పెట్టుకుని కొంగలనడుగుతారే గాని మనుషుల జోలికి రారట. ఉప్పోళ్ళు నీళ్ళు సీసాలో పట్టుకుపోతారు, ప్రశ్నలు తక్కువ. కులమోళ్ళు గంటసేపు చుట్టు తిరిగి, అడగాల్సింది వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. ఓట్లోళ్ళు ఎన్నికలకు రెండు నెలల ముందు వచ్చి ఎవరికేస్తారని, అయ్యాక వచ్చి ఎందుకేశారని అడుగుతారు. అందరికంటే కష్టం పేదరికమోళ్ళతోనంట. "ఇంట్లో ఉండే గిన్నెలు కూడా లెక్కబెడతారబ్బయా" అన్నాడు మామ. "మా ఇంటిదానికి వాళ్ళంటే పడదు."

నేను పేదరికమోడినీ ఓట్లోడినీ కలిపిన సంకరజాతి అని తేల్చాడు.

కొన్ని ప్రశ్నలకు అయిదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి: గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఏమీ చెప్పలేను, ఒప్పుకోను, గట్టిగా ఒప్పుకోను. ఈ కొలబద్ద కనిపెట్టిన లైకర్ట్ అనే అమెరికా పెద్దమనిషి పులికాట్ రాలేదు గాని, వచ్చుంటే మామ దగ్గర రెండు మాటలు నేర్చుకుని పోయుండేవాడు. "గట్టిగా అంటే ఎందుకని అడగతారు. చెప్పలేనంటే చదువు లేదని రాసుకుంటారు. ఒప్పుకుంటా అని ఏసుకో, నీకూ నాకూ తొందరగా అయిపోతాది." ఆ పద్ధతిలో మేం పదహారు ప్రశ్నలు రెండు నిమిషాల్లో ముగించాం. తర్వాత కంప్యూటర్ ఆ పదహారు జవాబుల మధ్య బ్రహ్మాండమైన పొంతన ఉందని ధ్రువీకరించింది.

నెల ఆదాయం దగ్గర పీటముడి పడింది.

"ఏ నెల?"

"సరాసరి, మామా."

"జనవరిలో రొయ్య పడిన దినమూ, మే నెల్లో ఉప్పు చూస్తా కూసున్న దినమూ కలిపి రెండుతో భాగించేస్తే, ఆ దుడ్డు నేను ఏ దినం చూసినట్టు?"

నేను నీళ్ళు నమిలాను. ఆయనే జాలిపడి, "రేషన్ కార్డుకు చెప్పేది ఒకటుండాది, బ్యాంకోళ్ళకు చెప్పేది ఒకటుండాది. మీ సారుకు ఏది గావాల?" అన్నాడు. రెండూ రాసుకున్నాను. మా గైడు రేషన్ కార్డు అంకె ఉంచి, బ్యాంకుది కొట్టేశాడు. సమస్య బాగా కనిపించాలట.

ఇంకో చోట నా పరువు పూర్తిగా పోయింది. ఈ సరస్సులో ఎవరు, ఎప్పుడు, ఏ తావులో వల కట్టాలో వంతులుంటాయి. చీట్లు వేసుకుని పంచుకుంటారు. దాని పేరు పాడు. తెలుగు చదువుకున్న నేను పాడు అంటే పాడైపోయిందనుకుని, 'స్థానిక పద్ధతి నశించింది' అని రెండు పేజీలు రాసేశాను. చూపిస్తే మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. 2008లో సారా కూల్తార్డ్ అనే ఆమె పులికాట్ పాడు మీద ఒక విదేశీ పత్రికలో మంచి వ్యాసం రాసింది. ఆ వంతు కులంతో ముడిపడి ఉంటుందనీ, వంతు ఉన్నవాడి కష్టం ఒకటైతే లేనివాడి కష్టం వేరనీ చూపించింది. అది ముందే చదివుంటే బతికిపోయేవాణ్ణి. పరదేశం నుంచి వచ్చిన మనిషికి పాడు అర్థమైంది, నాకు తెలుగు అడ్డమొచ్చింది.

'మీ ఊరిలో అధికారం ఎవరి చేతిలో ఉంది?' అనేది నా రాజకీయ భాగానికి గుండెకాయ. పంచాయతీ, కులపెద్దలు, ప్రభుత్వ అధికారులు, ఇతరులు అని నాలుగు గడులిచ్చాను. మామ మొదటిసారి ఆలోచించి చెప్పాడు. "బాకీ పుస్తకం ఎవురి కాడ ఉంటే వాళ్ళ కాడ." పడవకూ వలకూ అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే పట్టు తెచ్చిపోయాలి, రేటు ఆయన చెప్పిందే. దానికి నా దగ్గర గడి లేదు. ఇతరులు కింద టిక్కు పెట్టాను. నా థీసిస్‌లో అసలు సంగతులన్నీ ఆ ఇతరుల గడిలోనే కాపురమున్నాయి.

కొలవడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ ముక్కులు కొలిచే మనిషి. దక్షిణాది కులాలు, తెగల మీద ఆయన తెచ్చిన ఏడు సంపుటాలు 1909లో అచ్చయ్యాయి. యానాదుల సంగతి ఏడో దాంట్లో ఉంటుంది. అదే యానాదుల గురించి నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య కూడా పుస్తకం రాశాడు. కానీ రాసే ముందు వాళ్ళను పుట్టుదొంగలుగా ముద్రవేసిన నేరస్త తెగల చట్టం మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. 1952లో ఆ చట్టం పోయింది. ఇద్దరి మధ్యా తేడా చెప్పడానికి నాకు లైకర్ట్ కొలబద్ద చాలదు.

నాలాంటి వాళ్ళ జబ్బుకు రాబర్ట్ ఛాంబర్స్ అనే ఇంగ్లీషాయన 1983లోనే చీటీ రాశాడు. పల్లెల మీద పరిశోధించేవాళ్ళు తారురోడ్డు దిగరనీ, ప్రయాణానికి అనువైన కాలం చూసుకుని వస్తారనీ. మాకు ఆ సౌకర్యం మరీ ఎక్కువ. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు తారురోడ్డు ఏకంగా సరస్సు మధ్యలోంచే పోతుంది. అటూ ఇటూ నీళ్ళు, నీళ్ళలో ఫ్లెమింగోలు. కారు అద్దం దించితే చాలు, తీరప్రాంత జీవనోపాధులు పూర్తి. జనవరిలో పక్షుల పండగ, పులిబొంగరాలు, వేడి టీ. మే నెల్లో ఆ తెల్లటి ఉప్పునేల మీద నిలబడి ప్రశ్నలడిగినవాణ్ణి తానింతవరకు చూళ్ళేదని మామ సాక్ష్యం. నేనూ మే నెలలో పోలేదు. పడవెక్కితే తప్ప చేరలేని ఇరకం దీవికి అసలే పోలేదు. ఇరకం మీద నాకున్న సమాచారమంతా ఒడ్డున మామ చెప్పిందే.

నా థీసిస్ ఏడేళ్ళు సాగింది. మధ్యలో ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. "రెండో పేజీ దిద్దుకో. మాది తిరపతి జిల్లా అయిపోయింది." అది 2022 ఏప్రిల్. ఆయన లెక్క ప్రకారం వాళ్ళ తాత మద్రాసు రాష్ట్రంలో ఉన్నాడు, నాయన 1953 తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడు, తాను నెల్లూరు జిల్లాలో, మనవడు తిరుపతి జిల్లాలో. ఇల్లు ఒకటే. వలస ప్రశ్నకు ఏం రాయమంటారో మీరే చెప్పండి. ఆ ఏడే యూజీసీ, థీసిస్ ఇవ్వకముందే జర్నల్లో పేపరు అచ్చు కావాలనే నిబంధన ఎత్తేసింది. నేను అప్పటికే ఒక జర్నలుకు అచ్చు కూలి కట్టేశాను.

పట్టా వచ్చాక ఒక ప్రతి బైండు చేయించి తీసుకుపోయి ఇచ్చాను. మామ తన పేరు కోసం వెతికాడు. గోప్యత కోసం పేర్లు ఉండవని, ఆయన నా పుస్తకంలో ఆర్-17 అని చెప్పాను. నొచ్చుకుంటాడనుకున్నాను. "ఉప్పోళ్ళ కాడ నాలుగు, కులమోళ్ళ కాడ ఇరవై రెండు, నీ కాడ పదిహేడు" అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఆఖరి పేజీ చదవమన్నాడు. 'ఈ అంశంపై మరింత పరిశోధన అవసరం' అని చదివాను.

"అందరూ అదే రాస్తారా?"

"అందరూ అదే, మామా."

"అందుకే గదా ఒకరి ఎనకాల ఒకరు వస్తా ఉండారు. సముద్రం నోరు మూతబడిపోయింది, నా నోరేమో మూతబడనీరు."

మొన్న మళ్ళీ ఫోన్. "అబ్బయా, ఆర్ పదిహేడు మాట్లాడతా ఉండా." ఎవరో కొత్తమ్మాయి వచ్చిందట, చక్కని పిల్ల, టీ డబ్బులు తనే ఇచ్చింది. అరవై నాలుగు ప్రశ్నలు. ముప్పై ఎనిమిదో ప్రశ్న వినగానే మామకు అనుమానం వచ్చింది. 'గత సంవత్సరం మీరు ఎన్ని ఎకరాలలో వేరుశనగ వేశారు?'

"నీళ్ళల్లో చెనిక్కాయలు ఎవురేస్తారని నువ్వు వచ్చినప్పుడే అడిగినా గదా" అన్నాడు. అడిగాడు, నిజమే. నేనప్పుడు సున్నా అని రాసుకున్నాను, ప్రశ్న మాత్రం కొట్టేయలేదు. అది అనంతపురం జిల్లా రైతుల మీద పనిచేసిన మా సీనియర్ ప్రశ్నావళి. ఊరి పేర్లు మార్చి నేను తెచ్చుకున్నాను, నాది ఇంకెవరో తెచ్చుకున్నారు.

ఈ వ్యాసం చదివే పరిశోధక మిత్రుల్లో ఎవరి దగ్గరైనా అరవై నాలుగు ప్రశ్నల కాగితం ఉంటే, పులికాట్ వెళ్ళే ముందు దయచేసి ముప్పై ఎనిమిదోది కొట్టేయండి.