విత్తనం ఇంట్లో ఉండాలె

మా రోజుల్లో వెబ్‌సైట్ అంటే కొన్ని ఫైళ్లు. నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్ రాసి, ఎఫ్‌టీపీతో సర్వర్‌కు ఎక్కిస్తే పని అయిపోయేది. 2003లో జహీరాబాద్‌లోని నా నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక స్కూలుకు పదకొండు పేజీలు చేశాను. ఫోన్ నంబరు మారితే పదకొండింటిలోనూ చేత్తో మార్చేవాణ్ని. విసుగొచ్చేది, నిజమే. కానీ ఏ అక్షరం ఎక్కడుందో నాకు తెలుసు.

తర్వాత అందరూ డేటాబేస్‌ల వెంట పడ్డారు. ఎవరైనా పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వరు దాన్ని అప్పటికప్పుడు వండి వడ్డించాలి. అప్‌డేట్ మరిచిపోతే దొంగలు దూరేవారు. 2008లో జెకిల్, 2013లో హ్యూగో అనే జనరేటర్లు వచ్చి, పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టే పాత పద్ధతినే మళ్లీ తెచ్చాయి. ఇక్కడిదాకా నాకు సంతోషమే. నంబరు ఒకచోట మారిస్తే అన్ని పేజీల్లో మారుతుంది.

నా కోపం హెడ్‌లెస్ అనే పద్ధతి మీద. మా అక్క కొడుకు అదే స్కూలుకు కొత్త సైటు కట్టాడు. రాతలు, ఫొటోలు ఎక్కడో ఒక కంపెనీ దగ్గర ఉంటాయి. ఏపీఐతో వాటిని తెచ్చుకుని జనరేటర్ పేజీలు అచ్చు వేస్తుంది. ఆ కంపెనీ ఉచిత ప్లాను ఎత్తేసిన రోజు, టీచరమ్మ సెలవుల నోటీసు పెట్టలేక నాకు ఫోన్ చేసింది. "డబ్బు కడితే వస్తది మామా" అన్నాడు వాడు. మన రాతకు మనమే అద్దె కట్టాలా?

జెకిల్ వచ్చిన ఆ 2008లోనే మా పక్క మాచనూరులో 90.4 మీద సంఘం రేడియో మొదలైంది. మైకు, రికార్డింగు అన్నీ ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లోనే. ఆ రేడియో వెనకున్న పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్లు బూడిద, వేపాకు కలిపి గుల్లల్లో విత్తనాలు దాస్తారు. వచ్చే ఏడు ఏం విత్తాలో ఎవరినీ అడిగే పని లేదు. రాత కూడా అట్లా ఇంట్లో ఉండాలె. మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే జనరేటర్ ఏదైనా సరే, రేపు మార్చుకోవచ్చు.

మా కాలపు తప్పూ చెప్పాలి. ఆ స్కూలు పేజీల సీడీ మొన్న తెరిచాను. ఇరవై ఏళ్లు దాటినా పట్టికలు చెక్కుచెదరలేదు. తెలుగు మాత్రం ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనిపించింది. అప్పట్లో ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లతో రాసేవాళ్లం, ఆ ఫాంటు లేనివాడికి ఏమీ అర్థం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా నేను పట్టించుకోలేదు. పిల్లల పాటలు, పాత హెడ్‌మాస్టరు రాసిన ఊరి చరిత్ర అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు రాత్రిళ్లు కూర్చుని అవన్నీ యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నాను. ఒక కాపీ నా దగ్గర, ఒకటి స్కూలు బీరువాలో. మొదటి పేజీ నిన్న పూర్తయింది, ఇంకా పది ఉన్నాయి.