మంచం పక్క కుర్చీని

మంచానికీ గోడకీ మధ్య, డ్రిప్ స్టాండు కాలు తగలకుండా మిగిలే జాగా నాది. ఇనుప కాళ్ళు, నీలం రెగ్జిన్ సీటు, చేతులు లేవు. చేతులుంటే మనుషులు వెనక్కి వాలి గంటల తరబడి కూర్చుంటారని ఆస్పత్రివాళ్ళు చేతుల్లేనివే కొంటారేమోనని నా అనుమానం. మనామాలో ఒక ఆస్పత్రి, అందులో మగవాళ్ళ వార్డు. నా చిరునామా అంతవరకు చాలు.

బహ్రెయినీ పేషెంటు చేరితే నాకు పండగే. గావా, అంటే అరబ్బు కాఫీ, ఫ్లాస్కు వచ్చేది, ఖర్జూరాల డబ్బా వచ్చేది, కొడుకులూ అల్లుళ్ళూ వాళ్ళ పిల్లలూ వచ్చేవాళ్ళు. నేనొక్కదాన్నే చాలక పక్క మంచాల కుర్చీలు కూడా లాక్కునేవాళ్ళు. ఈ బహ్రెయిన్ జనాభా 15 లక్షల పైచిలుకు, అందులో సగానికి పైగా బయటి దేశాలవాళ్ళే. వాళ్ళెవరైనా మంచం ఎక్కితే వారమంతా నేను ఖాళీ. శుక్రవారం కంపెనీకి సెలవు. ఆ రోజు సల్మాబాద్ నుంచో సిత్రా నుంచో లేబర్ క్యాంపు జనం దిగేవాళ్ళు. ఒకడు నా మీద, ఇద్దరు పేషెంటు కాళ్ళ దగ్గర, మిగతావాళ్ళు గోడకి ఆనుకుని. జగిత్యాల, సిరిసిల్ల, రాజోలు, రాయచోటి. నాకు తెలుగు వచ్చింది వాళ్ళ వల్లే, అందుకే నా భాషలో నాలుగు జిల్లాల యాసా కలిసి ఉంటుంది.

వాళ్ళలో ఒక్కడూ పేషెంటుకి రక్తసంబంధీకుడు కాదు. కూలి జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. భార్య ఊళ్ళో ఉంటుంది, ఇక్కడున్నవాళ్ళు రూములో పై బంకు మనిషి, కింది బంకు మనిషి.

2020 ఫిబ్రవరి 24న ఈ దేశంలో మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 16న గల్ఫ్ దేశాల్లోనే మొదటి మరణం కూడా ఇక్కడే నమోదైంది. ఆ రోజుల్లోనే మా వార్డుకి విజిటర్లు బంద్ అయ్యారు. మిగతా కుర్చీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి స్టోర్‌లో పడేశారు. నాకు మాత్రం ప్రమోషన్ వచ్చింది. వార్డు తలుపు బయట వేసి, సెక్యూరిటీ అబ్బాయిని నా మీద కూర్చోబెట్టారు. చూడవచ్చినవాళ్ళు కూర్చునే చోట, వాళ్ళని రానివ్వకుండా ఆపే మనిషి! ఆ అబ్బాయిది నేపాల్. అతన్నేమీ అనను, ఆర్డరు అతను రాసింది కాదు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ ఆర్డరూ తప్పనిపించలేదు. మాస్కులకి కటకట. రోగం ఎలా అంటుకుంటుందో డాక్టర్లకే సగం తెలిసీ తెలియని స్థితి. నన్ను రోజూ క్లోరిన్ నీళ్ళతో తుడిచేవాళ్ళు, రెగ్జిన్ పగిలి లోపలి స్పాంజీ బయటపడింది. డిఫెన్స్ ఫోర్స్ ఆస్పత్రి కార్ పార్కింగులో ఏడు రోజుల్లో 130 మంచాల ఐసీయూ లేపారని తలుపు దగ్గర నర్సులు చెప్పుకోగా విన్నాను. అలాంటి చోట మా జాతికి పనేముంటుంది? 2003లో సార్స్ వచ్చినప్పుడు సింగపూర్ కూడా ప్రభుత్వ ఆస్పత్రుల్లో విజిటర్లని ఆపేసింది. ఇదీ అంతే, నాలుగు వారాల ముచ్చట అనుకున్నాను.

ఏడాది దాటింది. 2020 డిసెంబరులోనే బ్రిటన్ తర్వాత ఫైజర్ టీకాకి అనుమతిచ్చిన రెండో దేశం ఇదే. మాస్కులు కిరాణా కొట్లో కూడా దొరుకుతున్నాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

2021 మే నెల గుర్తుంది. ఇంత చిన్న దేశంలో రోజుకి మూడు వేలకి పైగా కేసులు. ఆ నెల మొదట్లోనే ఇండియాలో ఆక్సిజన్‌కి కరువొస్తే, మనామా నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకులు ఎక్కించుకుని ఐఎన్ఎస్ తల్వార్ మంగళూరు వెళ్ళింది. అదే నెల 24 నుంచి ఇండియా ప్రయాణికులకి ఇక్కడ ప్రవేశం లేదన్నారు, ఇక్కడి పౌరులకీ రెసిడెన్సీ ఉన్నవాళ్ళకీ తప్ప. ఆక్సిజన్‌కి వీసా అక్కర్లేదు. జగిత్యాల దగ్గరి పల్లెలో బీడీలు చుట్టే ఆవిడకి కావాలి.

ఆవిడ భర్త అప్పుడు లోపల ఉన్నాడు. షటరింగ్ పనివాడు, యాభై దాటిన మనిషి, క్యాంపంతా కాకా అని పిలిచేది. డబ్బు బాధ లేదు, ఈ దేశంలో అప్పట్లో కోవిడ్ వైద్యం విదేశీయులకి కూడా ఉచితమే. బాధ వేరు. మలయాళీ సిస్టర్ గ్లౌజు చేత్తో ఫోన్ పట్టుకుంటే ఐఎంఓ వీడియో కాల్‌లో ఆవిడ గొంతు తలుపు దాకా వచ్చేది: “అన్నం తిన్నవా? ఎవలన్న వచ్చిండ్రా నీకాడికి?” ఆయన వచ్చిండ్రనే చెప్పేవాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. వచ్చినవాళ్ళు నా ముందే నిలబడి ఉన్నారు, పప్పుచారు క్యారియర్‌తో.

కొన్నాళ్ళకి రూలు సడలించారు. ఒక్కరికే అనుమతి, దగ్గరి బంధువై ఉండాలి, ఇక్కడి కోవిడ్ యాప్ బీ అవేర్‌లో పచ్చ గుర్తు ఉండాలి. రాజోలు కుర్రాడికి పచ్చ గుర్తు ఉంది. సీపీఆర్ కార్డు, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చూపించాడు. ఇంటిపేరు కలవలేదు.

“మా బాబాయండీ.”

“సగా బాబాయా?” అని నేపాలీ అబ్బాయి హిందీ కలిపి అడిగాడు, సొంత బాబాయేనా అని.

కుర్రాడు నోరు తెరిచి మూశాడు. ఆ వారం కాకా దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

అప్పటి నుంచీ నా తగాదా ఆ రూలుతోనే. అంటువ్యాధి వస్తే జనాన్ని తగ్గించండి, ఒక్కరినే రానివ్వండి, ఆ ఒక్కరికీ మాస్కూ గౌనూ తొడగండి, పది నిమిషాలే ఇవ్వండి. ఆ ఒక్కరెవరో చెప్పే అధికారం మాత్రం మంచం మీదున్న మనిషిది కావాలి. దగ్గరి బంధువని రాసినవాళ్ళు నిర్దయులేమీ కాదు, వాళ్ళ కళ్ళ ముందున్నది గావా ఫ్లాస్కుతో వచ్చే ఇల్లు. సగం దేశం బంకు బెడ్ల మీద పడుకునేచోట ఆ లెక్క కుదరదు.

నాకు ఇంత తెలివెక్కడిదంటారేమో, రాత్రి డ్యూటీ కబుర్ల నుంచే. ఇండియా సుప్రీంకోర్టు 2020 జూన్ 19న కోవిడ్ ఆస్పత్రులు పేషెంటుకి ఒక సహాయకుణ్ణి ఆవరణలో కేటాయించిన చోట ఉండనివ్వాలని చెప్పింది. బంధువా కాదా అన్న పట్టింపు కన్నా, ఉండటానికి ముందుకొచ్చిన మనిషి కావడమే అక్కడ ముఖ్యం. తమ ఊళ్ళో పేషెంట్లు ఆ సంగతి తెలియకే ఒంటరిగా పోయారని సిరిసిల్ల మనిషి చెప్పేవాడు. ఆర్డరుకీ వార్డుకీ మధ్య ఎంత దూరముంటుందో తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళకి బాగా తెలుసు. మా సిస్టర్ చెల్లెలు అమెరికాలో నర్సు. ఫ్లోరిడాలో 2022లో వచ్చిన చట్టం గురించి ఆమె చెబితే ఈమె బిగ్గరగా చదివి వినిపించింది: పేషెంటు తనకి కావలసిన ఒక మనిషిని ఎంచుకోవచ్చు, ఆ మనిషి స్నేహితుడైనా సరే. ఇంగ్లండులో కూడా 2024 ఏప్రిల్ 6 నుంచి విజిటర్లని రానివ్వడం ఆస్పత్రుల బాధ్యతగా నిబంధనల్లోకి ఎక్కింది. అన్నీ రోగం తగ్గాక వచ్చినవే. సరే, వచ్చాయి కదా.

కాకా బతికాడు. వీల్‌చెయిర్‌లో తలుపు దాటుతూ నన్ను పట్టుకుని లేచి నిలబడ్డాడు, పగిలిన రెగ్జిన్ గీసుకుని అరచెయ్యి కోసుకుపోయింది కూడా. సిస్టర్ నా మీద విసుక్కుంది.

మరుసటి ఏడు నన్ను మళ్ళీ లోపలికి తెచ్చారు. కొత్త రెగ్జిన్ వేయలేదు, టేపు అంటించారు. రాజోలు కుర్రాడు పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని చేరాడు. ఇప్పుడు చీటీ రాయాలి, అందులో సంబంధం అనే గడి ఒకటి. డెస్క్ దగ్గర అదే నేపాలీ అబ్బాయి. కాకా కార్డు చూశాడు, మొహం చూశాడు.

“కౌన్ లగ్తా హై?”

“చిన్నాయన. రాస్కో.”

అతను అంకుల్ అని రాసి, స్టాంపు కొట్టి లోపలికి పంపాడు. కాకా వచ్చి టేపు ఉన్న చోటు వదిలి, కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాడు.

“ఏందిరా, కాలు విరిగితే ముఖం గిట్ల పెట్టినవ్?”

“నొప్పండీ బాబాయ్. అన్నం తెచ్చారా?”

“తెచ్చిన. నీ వంతు వంట గూడ నేనే జేస్తున్న. లేచినంక బాకీ తీర్చాలె.”

“చేపల పులుసుతో తీర్చేస్తా లెండి.”

“ఉప్పు తక్కువెయ్యి. పోయినసారి సముద్రమే తాగిపిచ్చినవ్.”