మూత మీది పేరు

నేను మూడు గిన్నెల స్టీలు టిఫిన్‌ను. గోదావరిఖని మార్కెట్‌లో నన్ను కొన్న రోజే అమ్మ నా మూత మీద బాపు పేరు కొట్టించింది. "బాయి మీద అందరియి ఒక్క తీరుగనే ఉంటయి, మారిపోతయి" అన్నది. దుకాణాయన సన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టిన ఆ అక్షరాలు ఇన్నేళ్ల బొగ్గు మసికీ, బూడిద తోముడుకీ చెరగలేదు.

బాయి అంటే మాకు బొగ్గు గని. మా ఊరి పేరులోనే గని ఉంది. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తవ్వకాలు గోదావరి ఒడ్డుకు చేరాకే మా ఖనిలో బజార్లు, క్వార్టర్లు, కాలనీలు లేచాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు టబ్బులు నింపారు. వాళ్లు మూటల్లో బట్టలే తెచ్చుకోలేదు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు కూడా తెచ్చుకున్నారు. పొలం లేని చోట ఆ పాటలు బొగ్గు మీదికి మళ్లాయి.

బాపు టింబర్‌మ్యాన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నేను ఒక దుంగకు కొట్టిన మొలకు వేలాడుతూ ఆయన పని చూసేదాన్ని. దుంగ పెట్టే ముందు ఆయన గడ్డపారతో పైబండను తట్టేవాడు. తట్టి, ఊపిరి బిగబట్టి వినేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొరలు విడిన బండ డొల్లగా మోగుతుంది. "డొల్ల ఉన్నది, జరుగుండ్రి" అని బాపు అంటే ఒక్కరూ ఎదురు చెప్పకుండా జరిగేవాళ్లు. ఆ చీకట్లో క్యాప్‌ల్యాంపు వెలుగు కన్నా ఆయన చెవిని నమ్మేవాళ్లే ఎక్కువ.

షిఫ్టు దిగి ఇంటికి రాగానే నన్ను అందుకునేవాడు ఆయన కొడుకు చిన్నోడు. వాడి కోసం బాపు అడుగు గిన్నెలో ఒక ముద్ద మిగిల్చేవాడు. ముద్ద తిన్నాక వాడు నన్ను విడదీసి, మూడు గిన్నెలనూ బోర్లించి చెంచాతో వాయించేవాడు. ఒకరోజు గిన్నెలో నీళ్లు పోసి కొట్టాడు. నీళ్లు పెరిగితే నాదం దిగుతుందనీ తగ్గితే ఎక్కుతుందనీ ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. అమ్మ కోప్పడింది. బాపు మాత్రం కళ్లు మూసుకుని విన్నాడు, బండను విన్నట్టే.

2003 జూన్ 16న మా ఖనిలోని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు బాపు నా మూత తీయలేదు. కట్టిన సద్ది కట్టినట్టే ఇంటికొచ్చింది. చిన్నోడు నన్ను ముట్టుకోలేదు. మా వాడలో వారం రోజులు ఒక్క పాటా వినబడలేదు. పాట ఎప్పుడు ఆగాలో ఆ ఐదేళ్ల పిల్లవాడికి ఆ వారంలోనే తెలిసింది.

2011 సెప్టెంబర్ 13న ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులూ గనుల్లోకి దిగలేదు. నేను గూట్లో ఖాళీగా కూర్చున్నాను. జీతం లేదు, దుకాణంలో ఖాతా నిండింది, ఇంటికి అధిక వడ్డీల గిరిగిరి అప్పు వచ్చింది. చిన్నోడు నన్ను చంకన పెట్టుకుని ఉద్యమ పాటల ధూంధాంకు పోయాడు. డప్పుల నడుమ నా మోత ఎవరికీ వినబడలేదు కానీ, వాడు గూడ అంజయ్య పేరు విన్నది అక్కడే. గోదావరికి ఆవలి ఒడ్డున దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన మనిషి 'ఊరు మనదిరా' రాశాడని ఒక పెద్దమనిషి చెప్పాడు. అప్పటిదాకా వాడు ఆ పాట చెట్టులా దానంతటదే మొలిచిందనుకున్నాడు.

తర్వాత బాపుకు దమ్ము మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పని మానేశాడు. చిన్నోడు డిగ్రీ నడుమ ఆపి హైదరాబాద్ పోయాడు, నన్ను వెంట పెట్టుకుని. పగలంతా బండి మీద ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసి, రాత్రి రూములో పాటలు కట్టేవాడు. బాపు దగ్గును, అమ్మ పుస్తెలు కుదువ పెట్టిన రోజును, షిఫ్టుకు పోయేటప్పుడు ఆమె గడపలో నిలబడే తీరును పాట చేశాడు. ఒక స్టూడియో మనిషి మెచ్చుకుని, పాడించుకుని, రికార్డు చేసి, వాణ్ని పంపించేశాడు. రెండు నెలలకు చాయ్ హోటల్లో ఎవరి ఫోన్లోనో ఆ పాట మోగింది. గొంతు వేరు, పేరు వేరు. చిన్నోడు చాయ్ అట్లాగే వదిలేసి లేచాడు. తెల్లారి బస్సులో మేమిద్దరం ఖనికి తిరిగొచ్చాం.

అమ్మ అంతా విన్నది. నా మూత కడిగి, కొంగుతో తుడిచి, వాడి ముందు పెట్టింది. "గిన్నె మారిపోవద్దని పేరు కొట్టిస్తిని. పాటకు కొట్టించుకోలేదా బిడ్డా?" అన్నది.

ఆ రాత్రి నుంచి వాడు కొత్త పాట మొదలుపెట్టాడు. రాసిన ప్రతి చరణం బాపు మంచం పక్కన కూర్చుని వినిపించేవాడు. ఒకచోట కన్నీళ్ల గురించి పెద్దపెద్ద మాటలు పడ్డాయి. బాపు వేలితో మంచం పట్టీ మీద కొట్టి, "ఇది డొల్ల మాట కొడుకా. తీసెయ్, కూలుతది" అన్నాడు. వాడు కొట్టేశాడు. అట్లా పదకొండు పంక్తులు పోయి నాలుగు మిగిలాయి. కష్టం ఉన్నంత మాత్రాన పాట రాదని నాకప్పుడు అర్థమైంది. బొగ్గు కూడా భూమిలో ఉంటుంది, కానీ తవ్వి పైకి తెస్తేనే పొయ్యి వెలుగుతుంది.

కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టి పాట రికార్డు చేశాడు. తాళం నాది, నడిమి గిన్నెది. మూడోసారి పాడుతుంటే బాపు దగ్గాడు. ఆ దగ్గును వాడు తీసేయలేదు. యూట్యూబ్‌లో పెట్టినప్పుడు మాట, బాణీ, గొంతు తనవని రాసి, తాళం దగ్గర 'బాపు టిఫిన్' అని రాశాడు. ఆ పాట లక్షలమంది వినలేదు. గిరిగిరి అప్పు తీరలేదు, వాడు ఇప్పటికీ పగలు పనికి పోతాడు. కానీ చౌరస్తాలో ఒక ఆటోలో ఆ పాట వినబడ్డ రోజు బాపు గోడ పట్టుకుని గేటు దాకా నడిచి వచ్చాడు.

2025 సంక్రాంతికి ఊరంతా 'గోదారి గట్టు' సినిమా పాట మోగింది. రమణ గోగులతో కలిసి పాడింది మా ఖని బిడ్డ మధుప్రియ. చిన్నప్పుడే 'ఆడపిల్లనమ్మా' పాడి, 2017లో 'ఫిదా' సినిమాలో 'వచ్చిండే' పాడిన గొంతు అది. వాడలో పిల్లలు దాన్ని హీరో పాట అంటుంటే మా చిన్నోడు ఆపి చెప్పాడు: "రాసింది భాస్కరభట్ల, బాణీ కట్టింది భీమ్స్, పాడింది మనూరి అక్క."

ఇప్పుడు నాలో సద్ది కట్టేవాళ్లు లేరు. నా అంచులు సొట్టపోయాయి. మూత మీది పేరు మాత్రం చదవడానికి వస్తుంది. మీకు ఒక్కటే విన్నపం. ఏ బాయి మీద నుంచో, ఏ పల్లె నుంచో వచ్చిన పాట మీ ఫోన్లో మోగి మీ గుండెను తాకితే, దాన్ని ఇంకొకరికి పంపే ముందు అది ఎవరు రాశారో, ఎవరు పాడారో అడగండి. ఆ పేరు కూడా కలిపి పంపండి.