చిమ్నీ బాబాయి

సింగరాయకొండలో ఎవరింట్లో కొత్త చిమ్నీ బిగించినా పాలు పొంగేలోపు బాబాయి దిగుతాడు. పిలవక్కర్లేదు. గోడకు డ్రిల్లు పడిన చప్పుడే ఆయనకు శుభలేఖ.

మా ఇంట్లో చెప్పులు విప్పుతూనే ముక్కు ఎగబీల్చి, "ఏందమ్మాయ్, నిన్న చేపల పులుసా?" అంటాడు.

"మొన్న, బాబాయ్. పాకల నుంచి వచ్చినయ్."

"మొన్నటి వాసన ఇయ్యాలదాకా ఉందంటే నీ గొట్టం లాగటంలా!"

ఈ ధీమా ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లు పొగాకు బ్యారన్ల దగ్గర కాపు కాసిన మనిషి. బయట పొయ్యిలో కట్టెలు, లోపల నేలబారున ఇనప గొట్టాలు, పైన కర్రలకు వేలాడే పచ్చాకు. 95 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర ఆకు పసుపు తిరగాలి, 160 దగ్గర ఈనె ఎండాలి. ఐదారు రోజులు రాత్రీ పగలూ ఒకటే. ఎండిన ఆకు ఒక్కటి జారి కాలే గొట్టం మీద పడిందా, బ్యారన్ మొత్తం బూడిద. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. దాన్ని మా వంటింటికి మోసుకురావడమే ఇబ్బంది.

ఊదుబత్తి వెలిగించి చిమ్నీ కింద పెడతాడు. పొగ ఎటు పోతుందో ఒంటికన్నుతో చూస్తాడు. ఫిల్టరు మీద వేలు రాసి, ఆ జిడ్డు మా ఆవిడ ముక్కు దగ్గరికి తెచ్చి చూపిస్తాడు. చివరికి తీర్పు: "ఈసారికి గట్టెక్కారు." ఫీజు రెండు కాఫీలు.

మొన్న ఒంగోలు నుంచి సర్వీసు కుర్రాడొచ్చాడు. బాబాయి ముందే స్టూలు వేసుకుని కూర్చున్నాడు, పరీక్ష పెట్టే మాస్టారులా. కుర్రాడు ఊదుబత్తి అడగలేదు. టిష్యూ కాగితం ఫిల్టరుకు ఆనించాడు. అది అంటుకోకుండా జారిపడింది. గోడ బయట గొట్టం మూతి తెరిస్తే గోరింక గూడు!

"నే చెప్పలా!" బాబాయి లేచి నిలబడ్డాడు.

కుర్రాడు పైకి చూడటం మానేసి స్టవ్ కింద వంగాడు. "చిమ్నీ సంగతి సరే సార్, ఈ నారింజ ట్యూబుకు ఐదేళ్లు దాటాయి. గ్యాసు గాలి కంటే బరువు. కారితే గొట్టంలోకి ఎక్కదు, నేలమీదే పరుచుకుంటుంది. వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకండి, రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. ఊదుబత్తి మాత్రం వెలిగించొద్దు."

బాబాయి రెండో కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు ట్యూబు కోసం గ్యాసు ఏజెన్సీకి వెళ్తే క్యూలో అందరికంటే ముందు ఆయనే. "ఏందయ్యా, పైన గొట్టాలు చూసుకుంటే చాలా? కింద ట్యూబు చూసుకోబళ్లా?" అని వెనకవాళ్లను వాయిస్తున్నాడు. ఆయన చంకలో చుట్టిపెట్టుకున్న పాత ట్యూబు మీద 2011 అని ఉంది.