ఆదివారం నోటుబుక్కులు

మా పెద్ద మామయ్యకు చదరంగమంటే ప్రాణం. టోర్నమెంట్లు తిరిగిన మనిషి కాదు, రేటింగూ లేదు. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారికలది తన ఊరేనని, గుంటూరని చెప్పుకోవడం ఆయనకు ఎంతో గర్వం. 1999 నుంచీ ప్రతి ఆదివారం పొద్దున వాళ్ల వరండాలో ఒకే మనిషితో ఆట. ఆ వచ్చేది మామయ్య ఆఫీసులోనే పనిచేసే మిత్రుడు. పిల్లలమంతా బాబాయిగారు అనేవాళ్లం. తెల్లపావులు మామయ్యవి, నల్లపావులు బాబాయిగారివి. అత్తయ్య పెట్టే ఉప్మా అయ్యేసరికి మొదటి పది ఎత్తులూ అయిపోయేవి.

ప్రతి ఎత్తూ మామయ్య నోటుబుక్కులో రాసేవారు. ఆటగాడు తన ఆటలకు తానే వ్యాఖ్య రాసుకోవాలని, తప్పులు పదిమందికీ కనపడేలా బయటపెట్టాలని ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ గట్టిగా నమ్మాడు. అది ఏదో పాత పుస్తకంలో చదివిన నాటి నుంచి మామయ్య ఆదివారం సాయంత్రాలు ఎర్రసిరా పెన్నుతో కూర్చునేవారు. గెలిచిన ఆటల్లో కూడా తన తప్పులు వెతికేవారు. గెలిచినవి చాలా ఎక్కువ. అప్పుడప్పుడూ ఒక డ్రా.

2016 మే నెలాఖరున ఆయన రిటైరయ్యారు. జూన్ నుంచి ఓటములు మొదలయ్యాయి.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. దసరా నాటికి మామయ్య ముఖం వాడిపోయింది. రిటైరైతే బుర్రకు పని తగ్గుతుందని, అలా మొద్దుబారిపోతుందని చుట్టాలందరూ తలో మాటా అన్నారు. అత్తయ్య రోజూ బాదంపప్పు నానబెట్టి పెట్టేది. సుడోకులు, పదకేళీలు పూర్తి చేయించింది. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నా మామయ్యకు నమ్మకం కుదరలేదు. కూరగాయల కొట్లో చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకునేవారు. స్కూటరు అమ్మేశారు. మనవరాలికి లెక్కలు చెప్పడం కూడా, తప్పు చెబుతానేమోనని మానేశారు. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిన మనిషిని దగ్గర నుంచి చూడటం చాలా కష్టం. ఆఫీసువాళ్లంతా రాకపోకలు మానేసినా బాబాయిగారు మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు. అదొక్కటే మాకు ధైర్యం.

మొన్న సంక్రాంతికి వెళితే మామయ్య ఆ నోటుబుక్కుల కట్ట నా చేతికిచ్చారు. "నువ్వు టోర్నమెంట్లు ఆడతావు కదరా, కంప్యూటర్లో పెట్టి చూడు. నా ఆట ఎక్కణ్ణుంచి దిగిపోయిందో చెప్పు. ఏదీ దాచకు" అన్నారు.

1997లోనే ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను కంప్యూటర్ ఓడించింది. ఇప్పుడు స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది, ఏ ప్రపంచ ఛాంపియన్‌కన్నా బాగా ఆడుతుంది. ప్రతి ఎత్తు తరువాతా ఎవరిది పైచేయో, ఎన్ని బంట్ల విలువో అంకెల్లో చెబుతుంది. కష్టమంతా ఎక్కించడంలోనే. మామయ్య పాత పద్ధతిలో నేర్చుకున్నారు. మనం ఇ4 అని రాసేది ఆయన పుస్తకంలో పీ-కే4. అవన్నీ మార్చుకుంటూ రాత్రుళ్లు కూర్చున్నాను.

ఆ అంకెలతో ఇద్దరి ఆటకూ చెరో గీత గీశాను. మామయ్య గీత ఎక్కడా దిగలేదు. 2003లో చేసిన పొరపాట్లే 2018లోనూ చేశారు. మంత్రిని తొందరపడి బయటికి తీస్తారు, రాజు వెనుక వరసను కాపాడుకోరు. ఏనుగుల ముగింపు మాత్రం అప్పుడూ ఇప్పుడూ చక్కగా ఆడతారు. అదే మనిషి, అదే ఆట.

2008 నాటి ఒక ఆట దగ్గర ఆగాను. బాబాయిగారు ఓటమి ఒప్పుకున్న స్థితిలో, శకటును ఒక్క గడి వెనక్కి తీస్తే ఆయనదే గెలుపని స్టాక్‌ఫిష్ చూపించింది. 1902లో మాంటే కార్లో టోర్నమెంటులో మార్కో అనే మేటి ఆటగాడు చేసింది ఇదే. తన శకటు పోయినట్టేనని ఆట వదిలేశాడు, అదే శకటును సరైన గడికి జరిపి ఉంటే గెలిచేవాడు. అంతటివాడికే తప్పలేదు కదా అనుకుని పేజీ తిప్పాను. తరువాతి నోటుబుక్కులో మళ్లీ అదే. ఆపై దానిలోనూ అదే. ముప్పయ్యో ఎత్తు దాకా పొరపాటు లేకుండా ఆడే మనిషి, గెలుపు చేతికందే వేళకు మంత్రిని తీసుకెళ్లి బంటుకు చిక్కే గడిలో పెట్టేవాడు. ఇన్నేళ్లపాటు ఎదుటివాడికి అనుమానం రాకుండా అలా ఓడటానికి గెలవడం కన్నా ఎక్కువ ఆట తెలియాలి. బాబాయిగారు ఏదైనా టోర్నమెంటుకు వెళ్లి ఉంటే ఎంత దూరం పోయేవారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాంటి చివరి ఆట 2016 మే 29 నాటిది. జూన్ 5 నుంచి ఒక్కటి కూడా లేదు.

రెండు గీతలూ పక్కపక్కన పెట్టి మామయ్యకు చూపించాను. "మీ ఆట ఏమీ తగ్గలేదు మామయ్యా" అన్నాను. ఆయన తన గీతను ఒక్కసారి చూసి వదిలేశారు. రెండో గీత కింది తేదీల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తరువాత అత్తయ్యను పిలిచి, ఇక బాదంపప్పు నానబెట్టొద్దన్నారు. "వచ్చే ఆదివారం నుంచి తెల్లపావులు ఆయనకిద్దాం" అని నాతో అన్నారు.

2016 మే 31 వరకూ, ఏటా బాబాయిగారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసింది మామయ్యే.